మిల్లు కూత

బల్ల మీద ముప్పై రెండు కవితలు.
గరివిడి స్కూలు, తొమ్మిదో తరగతి.
అంశం నేనిచ్చిందే: నాన్న.

ముప్పై మందికి నాన్న ఆకాశం.
నాన్న చెమట ముత్యం, నాన్న వీపు నిచ్చెన,
నాన్న లోలోపల కరిగే కొవ్వొత్తి.
అన్నిట్లోనూ నాన్న మాట్లాడడు.
దూరంగా నిలబడి, తువ్వాలుతో కళ్లొత్తుకుని, వెళ్లిపోతాడు.

ఎర్రపెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

మా నాన్న అరిచేవాడు.
నెల్లిమర్లలో, జూట్ మిల్లు లూముల మధ్య ఇరవై రెండేళ్లు.
ఆ మోతలో పక్కవాడితో పెదాలతోనే మాటలు.
ఇంటికొచ్చాక
గుసగుసకీ కేకకీ తేడా తెలిసేది కాదు.
"కూడు తిన్నావేటే?" వీధి చివర కుళాయి దాకా.
"జొరం తగ్గిందేటే గుంటా?" కాంపౌండరు చేతిలో సీసా వొణికేలా.
పాసింజరు బండిలో నా మార్కుల కాగితం విప్పి
పెట్టె మొత్తానికి చెప్పేశాడు, లెక్కల్లో ముప్పై ఆరు.
"గట్టెక్కీసిందర్రా!"
నేను కిటికీ వైపు తిరిగి
చంపావతిలో లేని నీళ్లని చూస్తూ కూచున్నాను.

ముత్యం కాదు, నార నూనె కంపు ఆ చెమట.
కనుబొమల్లో పీచు, చెవి వెనక పీచు.
ఓసారి అన్నం ముద్దలోంచి పీచు లాగి
చూడు, ఇదీ నాతో వచ్చీసింది, అన్నాడు.

నా పదో తరగతి పరీక్షల ఏడు మిల్లు లాకౌటు.
గేటుకి తాళం. కూత లేదు.
మా గోడ గడియారాన్ని అప్పటిదాకా ఎవరూ నమ్మలేదు,
అది కూతని చూసి నడిచేది.
రాత్రి అమ్మతో అన్నాను,
నాలుగున్నరకి నన్నెవరు లేపుతారని.
నాన్నకి వినపడిందనుకోలేదు.

తెల్లవారుజామున మిల్లు కూసింది.
సన్నగా మొదలై, లావై,
ఊపిరందక మధ్యలో తెగి, మళ్లీ.
లేచి చూద్దును కదా,
వీధి మధ్యలో, లుంగీ ఎగ్గట్టి,
రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టి
మా నాన్న.

తలుపులు తెరుచుకున్నాయి.
కంది గౌరీసు మావ తిరగేసిన చొక్కాతో పరిగెత్తుకొచ్చాడు.
ఎర్నమ్మ చేతిలో కేరేజీ, అంతలోనే ఏం సర్దిందో అందులో.
"తీసీసారేటి? గేటు తీసీసారేటి?"
సైకిలు గంటలు. ఎవరో పైడితల్లికి దండం పెట్టారు.
పది మంది, పదిహేను మంది,
నాన్న చేతులు ఇంకా నోటి దగ్గరే.

"మా గుంటకి పరీచ్చ," అన్నాడు.
నాకు తెలిసి మొదటిసారి, మెల్లగా.

ఎవరూ తిట్టలేదు.
గౌరీసు మావ సైకిలు స్టాండు వేసి,
తీసి, మళ్లీ వేసి,
"రాయనీ. బాగా రాయనీ" అని లోపలికెళ్లాడు.
ఎర్నమ్మ కేరేజీ విప్పుతున్న చప్పుడు
నేను సాంఘికశాస్త్రం చదువుతున్నంతసేపూ వినబడింది.

మర్నాటి నుంచీ నా కాలి బొటనవేలు పట్టుకుని ఊపేవాడు.
మాట లేదు. గోనెపట్టా అంచులాంటి చెయ్యి.
ఆ పది రోజులూ అచ్చం కవితల్లో నాన్నలాగే ఉన్నాడు.
నాకు నచ్చలేదు.
పరీక్షలయ్యాక ఓ సాయంత్రం
ఉప్పెక్కువైందని కంచం ముందు పెద్ద కేక వేస్తే
అమ్మా నేనూ మొహాలు చూసుకుని నవ్వుకున్నాం.

ముప్పై ఒకటో కాగితంలో ఒక్కటే వాక్యం:
"మా నాన్న శనివారం తాగుతాడు, ఆదివారం నా సైకిలు తుడుస్తాడు."
దాన్ని పక్కన పెట్టుకున్నాను.

ముప్పై రెండోది ఖాళీ. పైన పేరు మాత్రం,
చుక్క లోకనాథం.
మార్కుల సంగతి తర్వాత.
రేపు పిలిచి అడగాలి:
మీ నాన్న నిన్ను ఏమని లేపుతాడురా?