జొన్నగిరి చేలో

రాత్రి తొలకరి దబదబా కొట్టి పోయింది.
తెల్లారేసరికి జొన్నగిరి ఎర్రచేల నిండా
వంగిన వీపులే.
టిఫిన్ డబ్బాలో సంగటి, కొంగున రెండు ఎర్రగడ్డలు,
కండ్లు మాత్రం నేల మీద.

పోయినేడు ఇదే చాలులో
ఒక రాయి ఏరినా. కొంగుకు రుద్దినా.
గాజుపెంకు అనుకోని ఇసిరేసినా.
మూడోనాడు బజారికి దొరికింది,
వాళ్ళింటికి రేకులు పోయి మిద్దె వచ్చింది.
"నీ నొసట రాయలేదులే ఉరుకుందమ్మా" అన్నారు.

రాయలేదా?
మరి ఇసిరిన చెయ్యి ఎవరిది, ఈరన్నా?

గట్టు మీద గొర్రెల మాదన్న కూడా చూసినాడు.
ఆయప్ప చూపు నా చెయ్యి పట్టుకోని ఊపలేదు.
నీ చూపూ అంతేనంటే ఒప్పుకుంటా.
కానీ మాదన్నకు అది వజ్రమని తెలీదు.
నీకు తెలుసు.
ఒక్క కేక వేసింటే నీ సొమ్మేం పోయె?

సరే. చెయ్యి నాదే. తప్పూ నాదే.
అది కూడా నీకిచ్చేస్తే
ఇంక నాకంటూ ఏముంది?

ఎడమకు పోతే వాగు, కుడికి పోతే గుట్ట.
నేను యా పక్క తిరుగుతానో నీకు ముందే తెలుసంట.
చెప్పొద్దు.
నడుం పట్టుకోని ఇంకాసేపు నిలబడుకుంటా.
నువ్వూ ఉండు అట్లే,
ఎండలో.