రిమార్కుల గడి

ఇది తాలూకాఫీసు వాన లెక్కల రిజిస్టరు.
నాన్న రిటైరైన సాయంత్రం
సగం పేజీలు తెల్లగా మిగిలినాయని
సంకన పెట్టుకొచ్చినాడు.
తేదీ, మిల్లీమీటర్లు, రిమార్కులు.
మిల్లీమీటర్ల గడిలో ఇప్పుడు నేను రన్నులు రాస్తున్నా.

రేపు కళ్యాణదుర్గం కాలేజీ గ్రౌండులో
ఆడపిల్లల బేస్‌బాల్, జిల్లా ఫైనల్.
మావాళ్ల మీద గుంతకల్లు రైల్వే కాలనీ.
కేబుల్ టీవీ నబీరసూలు నాలుగు వాక్యాలు అడిగినాడు,
రాత్రి వార్తల కింద పరుగెత్తించడానికి.
"ఎవరు గెలుస్తారో చెప్పినట్టుండాలక్కా,
చెప్పనట్టూ ఉండాల."

జిరాక్సు మిషను ఆపి లెక్క తీసినా.
గుంతకల్లు తొమ్మిదాడి ఏడు గెలిచింది.
మేము నాలుగు. అందులో ఒకటి
అవతలి టీము బస్సు చెడిపోయి రాక.
వాళ్ల ఎస్తేరు ముప్పై రెండు సార్లు నిలబడి
పదమూడు సార్లు కొట్టింది,
నూటికి నలభై, పైన చిల్లర.
అదే ఎస్తేరు ఎడమచేతి బంతికి
ఆరు సార్లు నిలబడి
ఆరు సార్లూ బ్యాటు ఈడ్చుకుంటూ పోయింది.
మా సుంకమ్మది ఎడమ చెయ్యి.
నలభై ఇన్నింగ్సులు, యాభై రెండు స్ట్రైకౌట్లు.
ఈ రెండు వరసల నడుమ
పెన్సిలు కాసేపు ఊపిరి బిగబట్టింది.

చీకటి పడినాక గంగులప్ప వచ్చినాడు.
క్రికెట్టు లేని నెలల్లో
దేనిమీదైనా పందెం పట్టే మనిషి:
సర్పంచి ఎలక్షన్ మీద, టమాటా ధర మీద,
ఒకసారి గవర్నమెంటాసుపత్రిలో
కవలలు పుడతారా లేదా అని.
"గుంతకల్లుకు రూపాయికి ముప్పై పైసలు,
మనోళ్లకు రూపాయికి రెండు."
అట్ట వెనక భాగించి చూసినా.
ఆయన రేటు ప్రకారం వాళ్లు నూటికి డెబ్బై ఏడు,
మేము ముప్పై మూడు.
కూడితే నూట పది.
"ఆ పది ఎవరిదప్పా?"
"నాది," అన్నాడు నవ్వకుండా.
"ఎవురు ఆడినా గెలిచేది అదొక్కటే."

పోతా పోతా ఆగి,
ఐదు వందల నోటు మిషను అద్దం మీద పెట్టినాడు,
జిరాక్సు తీయమన్నట్టు.
"ఆ సుంకమ్మ చెయ్యి బాగుండాదా?"

నేను చూసినా.
మధ్యాన్నం ఆధార్ జిరాక్సుకు వచ్చిన పిల్ల
చిల్లర కుడిచేత్తో లెక్కపెట్టింది.
ఎడమచెయ్యి చున్నీ కింద.
వాళ్లింట్లో మల్బరీ ఆకు కోతలు.
ఏ వేలు బంతిని తిప్పుతుందో
కొడవలికేం తెలుసు.
ఇది ఏ వరసలో రాయాల? సగటులో కలవదు.

"నాకేం తెలుసప్పా," అన్నా.
నోటు జేబులోకి పోయింది.
అబద్ధానికి రేటెంతో
ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

నిద్ర పట్టక ముందు పేజీలు తిప్పినా.
ఒక జూలై నెలంతా సున్నాలే, నాన్న గుండ్రటి చేతిరాతలో.
రిమార్కుల గడిలో:
మబ్బు పట్టింది. గాలికి పోయింది.
మబ్బు.
పక్క మండలంలో కురిసిందట.
ఆ సున్నాల మీదనే
ఊళ్లకు ఊళ్లు వేరుశనగ విత్తినాయి,
రేటు అడక్కుండా.

నబీరసూలుకు రెండు వాక్యాలే పంపినా.
గుంతకల్లుకు బలముంది.
ఎడమచేతి బంతికి ఎస్తేరు ఎట్లా నిలబడుతుందో చూడాల.
మిగతా రెండూ కొట్టేసినా.

పొద్దున టీ అంగడి దగ్గర
మావాళ్ల రేటు రెండు కాదు, నాలుగు.
ఎవరు చెప్పినారో.

గ్రౌండులో సున్నం గీతలింకా తడి ఆరలేదు.
సుంకమ్మ చూపుడువేలికి
సైకిలు ట్యూబు ముక్క చుట్టుకుని
గోడకేసి బంతి విసురుతాంది.
ఒకటి పక్కకు పోయింది.
ఒకటి సుద్దతో గీసిన చోటే తగిలింది.
ఇంకోటి.
నేను లెక్కపెట్టడం లేదు.

ఎనిమిదిన్నర.
ఆకాశం ఎట్లున్నా సరే
నాన్న గొళ్లెం తీసి
వాన సీసాలోకి వంగి చూసే వేళ.
రిజిస్టరు తెరిచి
తేదీ మాత్రం వేసినా.