సలుపుకి తమిళం

గూడూరు నుంచి వచ్చే బండి
సెంట్రల్లో ఆగేసరికి ఏడున్నర.
రోడ్డు దాటితే పెద్దాసుపత్రి.
దాటడమే కష్టం వాళ్ళకి,
చేతిలో ఎక్స్‌రే కవరు, చంకలో చాప,
నోట్లో ఒక్కటే భాష.

మంగళవారాలు నేను ఓపీ చీటీల కిటికీ పక్కన నిలబడతాను.
ముప్పై ఎనిమిదేళ్ళుగా.
ఎవరూ నిలబడమనలేదు.
మింటు వీధి అచ్చుకూటంలో బిల్లు పుస్తకాలు కుట్టే రోజుల్లో
పూటజీతం కోసేవాడు సేటు,
"పుణ్యం నీకు, నష్టం నాకా?" అని.

పుణ్యం సంగతి నాకు తెలీదు.
కొరుక్కుపేటకి కొత్త కోడలిగా వచ్చిన ఏడు
మా తమ్ముణ్ణి ఇదే వరండాలో పడుకోబెట్టుకుని
"కడుపులో మెలిపెడతాంది" అన్న వాడి మాటకి
తమిళం దొరక్క ఏడుస్తూ నిలబడ్డాను.
ఊడ్చే ఆమె, పొన్నుత్తాయి, చీపురు గోడకానించి
తన పొట్ట ముందు తడిగుడ్డ పిండినట్టు
రెండు చేతులూ తిప్పి డాక్టరుకి చూపించింది.
వాడు బతికాడు.
ఆమె మళ్ళీ చీపురు తీసుకుంది.

మనకి నొప్పికి ఎన్ని పేర్లు!
సలుపు, పోటు, తీపు,
గుంజుతాంది, పీకుతాంది, జివ్వుమంటాంది.
మొదట్లో అన్నిటికీ 'వలి' అనేదాన్ని.
డాక్టరూ 'వలి' అనే రాసుకుని
ఒకే మాత్ర రాసేవాడు.
తమిళంలోనూ ఉన్నాయి అన్నీ.
కుళాయి దగ్గర, పూలబుట్టల దగ్గర, ముసలమ్మల దగ్గర
ఏరుకోడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.
ఎరిచ్చల్. కుత్తల్.
కుడైచ్చల్, అంటే ఎముకని లోపల్నుంచి తొలిచేది.
ఆ మాట దొరికిన సాయంత్రం
బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఒక్కసారి తప్పు చెప్పాను, తెలిసే.
నాయుడుపేట అవతల పెంచలయ్యని ఒక రైతు.
డాక్టరన్నాడు, మూణ్ణెల్లు.
నేనన్నాను, ఇంటికెళ్ళి బాగా తినమంటున్నారు.
ఆయన నా మొహంలోకి కాసేపు చూసి
పంచె సర్దుకుని వెళ్ళిపోయాడు.
మరుసటి ఏడు ఆయన భార్య వచ్చింది,
తువ్వాలు మూటలో పచ్చి వేరుశెనక్కాయలతో.
"తెలిసుంటే వాళ్ళన్నతో మాట్లాడుండేవోడు తల్లా.
గట్టు తగాదా, పదేళ్ళుగా మాటల్లేవు.
నువ్వు మంచికే చెప్పినావులే."
తిట్టి ఉంటే బాగుండేది.
కాయలు ఉడకబెట్టి, ఒక్కటీ తినలేక
వీధంతా పంచాను.
అప్పట్నుంచి మూడంటే మూడు.
చెప్పేటప్పుడు చెయ్యి మాత్రం వాళ్ళ భుజం మీద.

ఇప్పుడు నా ఎడమచెవి పనిచెయ్యదు,
అందర్నీ కుడివైపు కూర్చోమంటాను.
నర్సింగు చదివే కమలవేణి తోడొస్తోంది.
ఇంట్లో తెలుగే, చదవడం రాదు,
తెలుగు నొప్పుల్ని తమిళ అక్షరాల్లో రాసుకుంటుంది.
"సలుపుకీ పోటుకీ తేడా ఏంటవ్వా?"
చెప్తే వచ్చేది కాదు.
తన అరచేతిలో బొటనవేలితో
మెల్లగా, ఆపకుండా నొక్కుతూ పోయాను. ఇది సలుపు.
గోటితో ఒక్క పొడుపు. ఇది పోటు.
"అబ్బా" అంది.
దాన్నీ రాసుకుంది.

సూళ్ళూరుపేటలో బండెక్కించేవాళ్ళు చెప్పి పంపుతారట,
"చీటీల కిటికీ కాడ మనామె ఒకతె ఉంటాది, అడుగు."
నా పేరు ఎవరికీ తెలీదు.

నిరుడు మా ఆయన పోయిన పన్నెండోనాడు మంగళవారం.
కాళ్ళు వాటంతటవే వచ్చాయి.
తడ నుంచి వచ్చిన ఒక ముసలాయన
తన మోకాలి సంగతి సగంలో ఆపి
"నీకేమైంది బిడ్డా, యాడ నెప్పి?" అన్నాడు.
తెలుగులోనే అడిగాడు.
తెలుగులోనూ నాకు మాట దొరకలేదు.
చంకలో చాప తీసి పరిచాడాయన.
ఇద్దరం కూర్చున్నాం,
టోకెను పిలిచేదాకా.