న్యూట్రల్‌లో నిమ్మళం

ఎర్రదీపం దగ్గర ఆగితే చాలు
చలిజ్వరం పట్టుకుంటుంది దీనికి.
స్టీరింగు నుంచి మోచేతికి, మోచేతి నుంచి దవడకి.
అద్దంలో వెనకవాళ్ళ కారు నాలుగు కార్లవుతుంది.
గేరు న్యూట్రల్‌లోకి తోస్తే
వెంటనే నిమ్మళం,
ఏమీ ఎరగనట్టు.

ఎనభై ఎనిమిది నాటి ఫోర్డు ట్రక్కు.
ఆరు సిలిండర్లు, ఒకటే వరస.
కిందటేడు లొరీన్ స్టకీ దగ్గర పదకొండు వందలకి కొన్నాను.
"ఓర్విల్ ఉన్నప్పుడూ ఇంతే," అంది తాళాలిస్తూ,
అదేదో దాని సుగుణమన్నట్టు.

హచిన్సన్‌లో అందరికీ ఒక్కో మందు తెలుసు.
నా కాంటా దగ్గర గోధుమ తూయించుకునే ప్రతి డ్రైవరూ
సంతకం పెడుతూ పెడుతూ వైద్యం చెప్పాడు:
ప్లగ్గులు మార్చు. పెట్రోల్లో ఫలానాది కలుపు.
అమ్మి పారెయ్.
పుండొకచోట, మందొకచోట.
తూచకుండా అంకె వేసే అలవాటు నాకు లేదు.

ఆదివారం బానెట్ ఎత్తాను.
పక్కింటి మారిబెల్, పద్నాలుగేళ్ళది,
పొలం లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన దర్జాతో
సీట్లో ముందుకి జరిగి బ్రేకు తొక్కిపట్టింది.

రబ్బరు తొడుగు పట్టకారుతో ప్లగ్గు తీగలు
ఒక్కొక్కటే పీకి చూశాను.
పీకినప్పుడల్లా ఇంజను తడబడాలి.
తీసేసినా తేడా తెలియనిదే చచ్చిన సిలిండరు.
(ఈ పరీక్ష మా ఆఫీసులో పెట్టనందుకు
మేనేజరుకి నేను రుణపడి ఉన్నాను.)
ఒకటి తడబడింది. రెండోదీ.
ఆరూ బతికే ఉన్నాయి.

బెల్టు విప్పాను. వణుకు.
గొట్టాల పొడుగునా గాలి ఈల కోసం వెతికాను.
ఈల లేదు, వణుకుంది.
పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి,
పిడి నా చెవి వెనక ఎముకకి ఆనించాను.
లోపల ఎవరో తీరిగ్గా తిరగలి తిప్పుతున్నారు.
మరి రోగం దీనిది కాదు.

"బ్రేకు వదలకుండా గేరు వెయ్యి," అన్నాను.
వేసింది.
ఇంజను ఎడమ భుజం ఎగరేసింది
నాకేం తెలుసన్నట్టు.

చెక్కముక్క అడ్డం పెట్టి, జాకీతో అంగుళం లేపితే
అప్పుడు కనబడింది:
ఇంజను కూచునే రబ్బరు దిమ్మ
పాత మామిడి తాండ్రలా ఎండి రెండుగా చీలింది.
చీలికలో నాలుగు మడతల నంబరు ప్లేటు,
కాన్సాస్, తొంభై ఏడు.
దాని చుట్టూ కంచె తీగ, పదకొండు చుట్లు,
కొస మాత్రం లోపలికి వంచి ఉంది
ఎవరి వేలూ గీసుకోకుండా.

ఇన్నేళ్ళూ ఇనుము ఇనుముతోనే మాట్లాడింది,
మధ్యలో సర్దిచెప్పేదెవరూ లేక.
మారిబెల్ కిందికి వంగి చూసి
"ముడి భలే వేశాడు," అంది.

కొత్త దిమ్మ నలభై మూడు డాలర్లు.
నాలుగు గంటలు, ఒక వేలి చర్మం.

బుధవారం లొరీన్ ఇంటి మీదుగా వెళ్ళాను.
ఇదివరకు మలుపు తిరక్కముందే
ఆవిడ కిటికీ అద్దాలు గుర్రుమనేవి.
వరండాలోంచి చెయ్యి ఊపేది, తల ఎత్తకుండానే.
ఇవాళ బఠాణీలు ఒలుచుకుంటూ ఉండిపోయింది.
హారన్ మీదికి చెయ్యి వెళ్ళింది.
కొట్టలేదు.

ఆ ప్లేటు ఇంకా నా సీటు కిందే ఉంది.
మలుపుల దగ్గర
అదొక్కటే చప్పుడు.