మిరక్కాయ పగలగూడదు

నల్ల అలసందలు ముందురోజు రాత్రే నానేస్తాడు.
సంతపేట అంగట్లో శేరు తెస్తే పిడికెడు రాళ్లొస్తాయి,
అద్దాలు పెట్టుకోని ఒగొగటే ఏరతాడు,
బ్యాంకు కాడ తుపాకి తుడిచినంత పదిలంగా.

నా మొగుడు దొరస్వామి
ఇరవై రెండేండ్లు సీఆర్పీలో చేసినాడు.
అడవిలో దోమల గురించి చెప్తాడు,
జమ్మూలో మంచుకి గడ్డకట్టిన మీసం గురించి చెప్తాడు.
సముద్రాలవతల నీలం టోపీ పెట్టుకోని
ఒక యేడాది కాపలా కాసిన హైతీ గురించి మాత్రం
నోరు తెరవడు.
దాన్ని వండుతాడు.

"సోస్ ప్వా" అంటాడు.
నాకు నోరు తిరగని మాట.
అలసంద రసం అంటా నేను.
"రసం గాదు మే, పులుసూ గాదు,
చింతపండు పడదు దీంట్లో."
చింతపండు పడంది కూరాకెట్లయితాదని
మా అత్త బతికినన్నాళ్లూ అడిగింది.
అడుగుతానే రెండోతూరి పోయించుకునేది.

గింజలు మెత్తబడినాక
సగం ఎత్తి పక్కన పెట్టి
సగం పప్పుగుత్తితో ఎనుపుతాడు.
తొక్కు మిగలకుండా వడకట్టాల.
దానికి నా జల్లెడే కావాల:
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ అయిపొయినాక
సూపర్వైజరు పారేస్తావుంటే అడిగి తెచ్చుకున్న స్టీలు జల్లెడ.
ఎంత తోమినా తోతాపురి వాసన పోదు దానికి.
ఆ దేశమోళ్లు తింటే కనిపెడతారేమో,
ఇదేంది, మా సట్టిలోకి ఎవురో వచ్చినారే అని.

దంచిన తెల్లగడ్డలు, ఉల్లికాడలు, రెండు లవంగాలు.
టెంకాయ మొదటి పాలు.
వాళ్లేసే ఆకు మన పక్క దొరకదంట.
ఏండ్లు వెతికినాడు.
పిలకాయల దగ్గుకని మిద్దె మింద
పగిలిన బకెట్లో నేను పెంచే వామాకు
ఒక సాయంత్రం ఊరికే తుంచి, నలిపి, వాసన చూసి
అట్లే కూర్చుండిపోయినాడు.
"యోలెట్టమ్మ గోడ కింద ఇదే ఉండె" అన్నాడు.
ఆ పేరు నేను విన్నది ఆ పొద్దే.

జనవరిలో ఒక దినం మాత్రం తప్పడు.
ఆ దినం ఉప్పెయ్యడం మరిచిపోతాడు.
పిలకాయలు మొగాలు చూసుకుంటారు,
నేను కండ్లెర్రజేస్తా, తింటారు.

ఆఖర్న ఒక్క మిరక్కాయ.
బుడ్డది, పండుది, తొడిమతో.
కోయడు, గిల్లడు. పైన తేలనిస్తాడు, అంతే.
గరిటె దాని పక్కనించి పోవాల.
వాసన రావాల, కారం దిగగూడదు.
పగిలితే సట్టంతా పాయ.

సంగటి గెలుకుతా ఒకసారి అడిగినా:
ఆయమ్మ ఇప్పుడు యాడుంది?
"మిరక్కాయ చూడు" అన్నాడు, "పగల్తాది."

మల్లా అడగలా.

మొన్న ఆయప్పకు ఏటీఎం కాడ రాత్రి డ్యూటీ పడింది.
ఎవురూ చెప్పకనే నేనే వండినా.
గరిటె ఎన్నడూ ఇంత బరువు లేదు నా చేతికి.
ముప్పావు గంట ఉడికినా పగలలా.
తీసినాక ఏం చెయ్యాలో తెలీలా.
పారేయబుద్ధి కాక
సాసర్లో పెట్టి కిటికీలో పెట్టినా.

తెల్లారి వచ్చి, బూట్లు ఇప్పకనే మూత తీసినాడు.
సంగటి ముద్దలో గుంత చేసి పోసుకున్నాడు.
"ఉప్పు ఒగ రవ్వ తక్కువ" అన్నాడు.
అంటే బాగుందని.

చెయ్యి కడుక్కోని
కిటికీ కాడ శానాసేపు నిలబడినాడు.
మిరక్కాయని గోటితో నిలువునా చీల్చినాడు.
గింజలు నిన్నటి పేపరు మింద పరిచి,
గాలికి లేవకుండా నాలుగు మూలలా
నాలుగు అలసందలు పెట్టినాడు.

ఉడికిన గింజ మొలవదని
సేద్యగాని కొడుకు, ఆయప్పకు తెలీదా.

మూడు దినాలయింది.
ఆ కిటికీ పక్కకు నేను చీపురు తీసకపోలా.