పదమూడో డిష్షు

డాబా ఖాళీగా కావాలంది ఇంటి యజమానురాలు జూర్.
సున్నం కొట్టించి, నాలుగు బల్లలు వేసి
సాయంత్రాలు అద్దెకిస్తుందట.
"పదమూడున్నాయి, బూషయిబ్. ఒక్కోదానికి ఇరవై దిర్హాములు.
పెట్టినవాడివి నువ్వే, పీకేవాడివీ నువ్వే అవ్వు."

నేనే పెట్టాను.
కాసాబ్లాంకాలో, దర్బ్ సుల్తాన్‌లో, ఈ ఐదంతస్తుల నెత్తిమీద
మొదటిది తొంభై నాలుగులో.
అప్పటికింకా పక్కసందులో
కుస్‌కుస్ ఉడికించే చిల్లుల గిన్నెను కర్రకు కట్టి
ఆకాశానికి చూపించేవాళ్లు,
దొంగ సిగ్నల్ ఆవిరిలా దిగుతుందని.
గాలి మంచిదైతే దిగేది కూడా.

నమాజుకి దిక్కు తూర్పు.
డిష్షుకి దక్షిణం, కాస్త ఆగ్నేయానికి ఒరిగి.
రెండూ కళ్లు మూసుకుని చూపించగలను.
కింద ఎవరో "వచ్చింది! వచ్చింది! అయ్యో పోయింది!" అంటుంటే
పైన నేను వెంట్రుకవాసి తిప్పేవాణ్ణి.
ఆ వెంట్రుకవాసిలోనే ఉండేది లోకమంతా.

పొద్దుటినుంచీ పీకుతున్నాను.
ఒకదాని వెనక పావురం గూడు.
ఒకదానికి బట్టలారేసే తాడు.
ప్రతిదాని వీపు మీదా నా పాత ఫోన్ నంబరు, ఆరంకెలది,
నా చేతిరాతే. మోగించేవాళ్లు లేరు.

రెండో అంతస్తు మాఅతీ గారింట్లో
ఒకే సోఫా మీద ముగ్గురు కొడుకులు, మూడు ఫోన్లు, మూడు ఊళ్లు,
ఆరు చెవుల్లో ఆరు బిరడాలు.
పాస్‌వర్డు టాంజియర్‌లో ఉన్న బావమరిదిది.
ఆయన అలిగిన రోజు
హంతకుడెవరో తెలియకుండానే ఇల్లంతా నిద్రపోతుంది.

పన్నెండు అయ్యేసరికి పొద్దు వాలింది.
మిగిలింది ఇట్టోది.
జెల్లాబాలు కుట్టే ఇట్టో, ఐదో అంతస్తు, సరిగ్గా నా కాళ్లకింద.
మధ్యాహ్నం పుదీనా టీ ఇస్తూ అంది:
"వాళ్ల పెట్టెలో వెయ్యి బొమ్మలున్నాయంటావు.
ఒక చెయ్యి గుడ్డమీద, ఒక చెయ్యి సూదిమీద.
ఏరుకోవడానికి మూడో చెయ్యి ఏది నాకు?
నా డిష్షు నన్నేమీ అడగదు. పోస్తుంది, అంతే."

నట్టుకి పానా తగిలించాను.
అప్పుడే ఆట మొదలైంది, ఆకుపచ్చ చొక్కాల వాళ్లది.
సరే, అరగంట ఆగుదామనుకున్నాను.

"గోల్!" ఇట్టో గొంతు.
ఇంకెక్కడా చప్పుడు లేదు.
అర నిమిషానికి మూడో అంతస్తు అరిచింది, తర్వాత రెండు,
తర్వాత ఎదురు మేడ, ఆఖరికి టీకొట్టు ముందు ఫోన్ పట్టుకున్న పిల్లాడు.
ఎవరో బిందె దొర్లించినట్టు
గోల్ మెట్లు దిగుతూ పోయింది.
ఒకప్పుడు వీధికంతా ఒకటే నోరు.

కిటికీలోంచి మాఅతీ తిట్టాడు:
"ఇట్టో! నీకు ముందే తెలిస్తే తెలిసింది, మాకు చెప్పకు తల్లీ!"

రెండో సగంలో పెనాల్టీ అని గోల.
కింద ఇట్టో ఇంట్లో ఒక్క మాట లేదు.
గుండె జారింది నాకు.
పానా తగిలి డిష్షు కదిలిందేమో,
ముప్పై ఏళ్ల వెంట్రుకవాసి పోయిందేమో!
ఒక అంతస్తు దూకుతూ దిగాను.

తలుపు తెరిచే ఉంది.
తెరమీద ఆటగాళ్లు అప్పటికే ఒకరిమీదొకరు పడి పొర్లుతున్నారు.
ఇట్టో నోట్లో సగం కుట్టిన చెయ్యి గుడ్డ కుక్కుకుంది.
భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్లలో నీళ్లు,
వేళ్లు లెక్కపెడుతున్నాయి
ఇరవై ఆరు, ఇరవై ఏడు...

కింద మేడ బద్దలైంది.
అప్పుడు గుడ్డ తీసి, అందరితోపాటు, అప్పుడే చూసినదానిలా
అరిచింది.
నన్ను చూసి వేలు పెదవులమీద పెట్టుకుంది.

పైకెళ్లి నట్టు తిప్పాను, కుడివైపుకి.
రెండు చుట్లు, ఇంకో అర.

"పన్నెండే వచ్చాయి," అన్నాను జూర్‌తో.
"పదమూడోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది."
రెండువందల నలభై లెక్కపెట్టి ఇచ్చింది.
నా చేతికంటిన కొత్త గ్రీజు వంక చూసింది గానీ
ఏమీ అడగలేదు.