కాడ తీసేసిన ఆకంత

ఒంగోల్లో దారాల కొట్టు కుర్రాడు
సూదులన్నీ బల్ల మీద పరిచాడు.
స్టీలువి, వెదురువి, పిప్పరమెంటు రంగుల ప్లాస్టిక్‌వి.
"ఏ నంబరు కావాలమ్మా?" అన్నాడు.
నాకు తెలిసిన సూదులు సైకిలు ఊచలు.
హాస్టల్లో రాహేలు టీచరు
అరుగు రాతి మీద మొనలు నూరి ఇచ్చింది.
వాటికి నంబర్లేవీ?

నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమంట.
ఇదేం లెక్కని నవ్వబోయి ఆగాను.
వేలంలో మా ఆకు గ్రేడూ అంతే గదా,
అంకె పెద్దదయ్యేకొద్దీ పైసలు చిన్నవి.

ఎనిమిది పట్టుకున్నా. గరిటె పట్టుకున్నట్టుంది.
పన్నెండు పట్టుకున్నా. పిన్నీసుకి చెల్లెలు.
పదో నంబరు వెదురువి రెండు
అరచేతిలో చప్పుడు లేకుండా పడుకున్నాయి.
చప్పుడు లేకపోవడమే నాకు కావాల్సింది.
గాజు గదిలో రాత్రంతా
మిషన్లు కూసేది చాలు.

సలోమి బిడ్డ ఏడో నెలకే తొందరపడింది.
టంగుటూరు బ్యారన్ కాడ మూడో రెలుపు ఆకు
కర్రకి అల్లతా అల్లతా
పురికొస వదిలి నడుం పట్టుకుంది.
ఆటో వచ్చేలోపు
టమాటా పండు పిండి దాని చేతుల జిగురు కడిగింది నేనే.
కిలో మూడొందలు.
"పొడుగెంత?" అని మేస్త్రి అడిగితే
చూసొచ్చినదాన్ని, కుప్పలోంచి ఒక ఆకు తీసి చూపించా.
కాడ తీసేసి.

ఆ రోజు నించి కూలికి పోలా.
ఆ జిగురు చేతుల్తో దారం ముట్టుకుంటే
బిడ్డకి వాసనకే వాంతి.
కర్రల లెక్క పోయిందని మేస్త్రి తిట్టుకున్నాడు.
తిట్టుకోనీ.

ఆసుపత్రి బెంచీ మీద అరచేయంత ముక్కలు అల్లి చూశా.
చిల్లుల అల్లిక ముందు. చీర అంచులా ఉంది.
చిల్లులో నా చిటికెన వేలు పట్టలేదు.
దాని వేలు పడుద్ది, అగ్గిపుల్ల కన్నా కాస్త లావు.
ఇరుక్కుంటే ఎవరికి చెప్పుకుంటది?
ఇప్పేశా.
జడల అల్లిక అందమే, కాదన్ను.
కింద పడుకున్న వీపుకి మాత్రం గులకరాళ్ళు.
సాదా అల్లిక అల్లబోతే
అంచులు చుట్టుకుపోయినాయి, ఎండన పడేసిన పచ్చాకు మాదిరి.

ఆఖరికి గింజల అల్లిక.
ఒక ముడి ముందుకి, ఒక ముడి వెనక్కి,
పై వరసలో తిరగేసి.
రెండు వైపులా ఒకటే మొహం.
నిద్రమత్తులో ఎటు తిప్పి కప్పినా
తప్పని అనేవాళ్ళుండరు సలోమిని.
ఊలు వద్దన్నా. నూలు తీసుకున్నా, మజ్జిగ రంగు.

ముప్పై ఏళ్ళు కర్రలకి ఆకు అల్లిన చేతులు.
కొత్తల్లో లెక్క పెరగాలని కర్ర నిండా కుక్కేదాన్ని.
"దీనమ్మా!" అని మా అత్త నెత్తిన మొట్టేది,
ఆకుకీ ఆకుకీ మజ్జన గాలి పోవాలే,
లేకుంటే లోపల కుళ్ళుద్ది, రైతు నోట్లో మట్టి.
అత్త పోయి పదేళ్ళు.
వేళ్ళు వాటంతట అవే
ముడికీ ముడికీ మజ్జన
ఆ గాలి వదలతన్నాయి.

నలభయ్యో వరసలో ఒక ముడి జారింది.
ఇంకో పది వరసలు అల్లాక గానీ కనపళ్ళా.
దుప్పటి మొత్తంలో ఒక్కటి, ఎవరు చూస్తారు అనుకున్నా.
అంతలో నర్సమ్మ తలుపు తీసి చెప్పింది,
రెండు రోజుల్లో యాభై గ్రాములు పెరిగిందంట.

యాభై గ్రాములు అంటే ఎంత?
సంచిలో విప్పని దారపుండ ఉంది,
చీటీ మీద అదే అంకె.
తీసి అరచేతిలో పెట్టుకున్నా.
ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తా.

ఇంత.

కూర్చుని
ఆ పది వరసలూ ఇప్పడం మొదలెట్టాను.